పనిముట్టు ఇవ్వకుండా పంతులు కమ్మంటే ఎట్లా?

బడికి డిజిటల్ బోర్డు పంపిన సర్కారుకు, ఆ బోర్డు ముందు నిలబడబోయే పంతులు మాత్రం గుర్తుకు రాలేదు. డైట్‌లలో, బీఈడీ కాలేజీల్లో చదువుతున్న ఛాత్రోపాధ్యాయుల చేతికి కంప్యూటర్ ఇవ్వకుండా ఊరూరా డిజిటల్ చదువులు చెప్తామంటే నమ్మేదెవరు?

నాగలి ఇవ్వకుండా చెలక దున్నమంటే జీతగాడు కూడా ఎదురు తిరుగుతాడు. మగ్గం చూపించకుండా చీర నెయ్యమంటే సిరిసిల్ల నేత కార్మికుడు నవ్వి ఊరుకుంటాడు. కానీ కంప్యూటర్ ముట్టనివ్వకుండా డిజిటల్ పంతులు కమ్మంటే మాత్రం మన డైట్ విద్యార్థులు తలవంచుకుని రికార్డులు రాసుకుంటూ కూర్చున్నారు. ఈ మౌనాన్ని చూసే సర్కారుకు ధైర్యం వచ్చింది. ఎవరూ అడగడం లేదు కాబట్టి ఎవరికీ అక్కరలేదని లెక్కేసుకుంది.

ఎవరీ ఛాత్రోపాధ్యాయులు? ఇంటర్ పాసై డీసెట్ రాసి డైట్‌లో చేరిన పిల్లలు. డిగ్రీ పూర్తయ్యాక ఎడ్‌సెట్ రాసి బీఈడీలో చేరిన పిల్లలు. ఎక్కువ మంది బీడీలు చుట్టే తల్లులకు, ఎకరం రెండెకరాలు సాగు చేసే తండ్రులకు, తండాలకు, గూడేలకు పుట్టినవాళ్లు. ఇంజినీరింగ్ ఫీజులు కట్టలేక, సర్కారు కొలువొకటి వస్తే ఇల్లు నిలబడుతుందని ఈ దారి పట్టినవాళ్లు. ఇంట్లో ల్యాప్‌టాప్ లేని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు కంప్యూటర్ దొరికితే కాలేజీలోనే దొరకాలి. అక్కడా దొరకకపోతే ఇక ఎక్కడా దొరకదు.

లెక్కలో బడి ఉంది, డైట్ లేదు

2022 మార్చిలో వనపర్తిలో 'మన ఊరు - మన బడి' మొదలైంది. 26,065 బడులు, 7,289 కోట్ల రూపాయలు, 12 రకాల పనులు అని ఊరూరా బోర్డులు పెట్టారు. ఆ పన్నెండింటిలో డిజిటల్ సౌకర్యాలు కూడా ఒకటి. ఆ తర్వాత హైస్కూళ్లకు పెద్ద పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి. 2023 డిసెంబర్‌లో సర్కారు మారింది. 2024లో 'అమ్మ ఆదర్శ పాఠశాల' వచ్చింది. 2025లో ప్రాథమిక బడుల్లో కృత్రిమ మేధతో పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే కార్యక్రమాన్ని కొన్ని జిల్లాల్లో మొదలుపెట్టారు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు అంతకు ముందే అచ్చయ్యాయి. మంచిదే. బడి బాగుపడితే కడుపు మండేది ఎవరికి?

కానీ ఈ లెక్కలన్నీ ముందు పెట్టుకుని ఒక్క ప్రశ్న అడగండి. వీటిలో డైట్ పేరు ఎక్కడుంది? తెర వచ్చింది హైస్కూలుకు. కంప్యూటర్ వచ్చింది బడికి. ఆ తెర ముందు నిలబడి పాఠం చెప్పాల్సిన మనిషిని తయారు చేసే చోటికి ఏమొచ్చింది? ఏ డైట్ విద్యార్థినైనా ఆపి అడగండి. ల్యాబ్ అని రాసి ఉన్న గది ఉంటుంది. దానికి తాళం ఉంటుంది. తాళం తీస్తే పాతబడిన కంప్యూటర్లు ఉంటాయి. వాటిలో ఎన్ని నడుస్తాయో ఆ గది చూసుకునే సారుకు కూడా తెలియదు, ఎందుకంటే ఆ సారు డిప్యుటేషన్ మీద వచ్చి మూడు సబ్జెక్టులు తానే చెప్తున్నాడు.

ఇంటర్న్‌షిప్‌కు హైస్కూలుకు వెళ్లిన బీఈడీ పిల్ల మొదటిసారి అక్కడే డిజిటల్ బోర్డు చూస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లవాడు ముందుకొచ్చి 'మేడం, గిది గిట్ల ఒత్తాలె' అని చూపిస్తాడు. పిల్లవాడి దగ్గర నేర్చుకోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. సిగ్గుపడాల్సింది రెండేళ్లు ఆమెను కూర్చోబెట్టి చూపించనివాళ్లు.

కాగితం మీద అన్నీ ఉన్నాయి

రూల్ లేక ఈ గతి పట్టలేదు. 1986 జాతీయ విద్యా విధానం చెప్తేనే దేశంలో డైట్‌లు పుట్టాయి. ఒక్కో డైట్‌కు ఏడు విభాగాలు ఉండాలని అప్పుడే రాసుకున్నారు. ఆ ఏడింటిలో ఒకటి విద్యా సాంకేతిక విభాగం. అంటే దాదాపు 40 ఏళ్ల కింద, మన పల్లెల్లో టీవీ కూడా సరిగ్గా లేని రోజుల్లోనే, పంతులుకు యంత్రం నేర్పేందుకు ప్రతి డైట్‌లో ఒక విభాగం ఉండాలని ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు తోచింది. ఇప్పుడు మూడో తరగతి పిల్లవాడి చేతిలో ఫోన్ ఉన్న రోజుల్లో ఆ విభాగానికి పూర్తికాలపు లెక్చరర్ ఉన్నాడా అని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు.

2014లో ఎన్‌సీటీఈ కొత్త నిబంధనలు తెచ్చింది. బీఈడీని ఏడాది నుంచి రెండేళ్లు చేసింది. 20 వారాలు బడిలో గడపాలంది. సాంకేతిక పరిజ్ఞానాన్ని విమర్శనాత్మకంగా అర్థం చేసుకోవడం అనే ఒక పేపరునే పెట్టింది. కాలేజీలో ఐసీటీ వనరుల కేంద్రం ఉండాలంది. కాగితం బ్రహ్మాండంగా ఉంది. ఆచరణలో ఏమైంది? ఆ పేపరు కూడా బట్టీ పట్టే పేపరైంది. కంప్యూటర్ భాగాలను పటం గీసి వివరించమనే ప్రశ్న, దానికి గైడ్‌లో జవాబు. మౌస్ పట్టుకోకుండానే మౌస్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకోవచ్చు. రికార్డులో అంటించాల్సిన స్లైడ్‌లను కాలేజీ గేటు ముందున్న జిరాక్స్ సెంటర్ అన్న తయారు చేసిస్తాడు. పేజీకి ఇంత అని రేటు. నిజం చెప్పాలంటే ఈ రాష్ట్రంలో ఛాత్రోపాధ్యాయులకు విద్యా సాంకేతిక విభాగం ఆ జిరాక్స్ సెంటరే!

2023 బడ్జెట్ ప్రసంగంలో కేంద్ర ఆర్థిక మంత్రి డైట్‌లను శ్రేష్ఠమైన సంస్థలుగా మారుస్తామన్నారు. టీచర్ శిక్షణ పథకం 2018 నుంచి సమగ్ర శిక్షలో కలిసిపోయింది. దానిలో కేంద్రం వాటా 60, మన వాటా 40. ఇద్దరు పెట్టాల్సిన చోట ఏమవుతుందో తెలంగాణ పల్లెకు చెప్పాల్సిన పనిలేదు. ఉమ్మడి బర్రె పాలు అందరూ పిండుకుంటారు, కుడితి ఎవరూ పెట్టరు. కేంద్రాన్ని అడిగితే రాష్ట్రం ప్రతిపాదన పంపలేదంటుంది. రాష్ట్రాన్ని అడిగితే కేంద్రం పైసలు విడుదల చేయలేదంటుంది. నడుమ పోరగాళ్ల రెండేళ్లు గడిచిపోతాయి. సర్టిఫికెట్ మాత్రం చేతికొస్తుంది.

పెట్టె వస్తుంది, మనిషి రాడు

ఈ నేల మీద చదువుకు సాంకేతికత కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు చూపించిన 'సైట్' ప్రయోగం జరిగింది. 6 రాష్ట్రాల్లో 2,400 పల్లెలను తీసుకుంటే వాటిలో మన పల్లెలు కూడా ఉన్నాయి. ఆ ప్రయోగంలో ప్రాథమిక బడి పంతుళ్లకు సైన్స్ ఎట్లా చెప్పాలో టీవీ ద్వారానే శిక్షణ ఇచ్చారు. అంటే 50 ఏళ్ల కిందే యంత్రాన్ని ముందు పంతులు దగ్గరికి తెచ్చారు. తర్వాత ఇన్‌శాట్ కార్యక్రమం కింద హైదరాబాద్‌లో రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థ వచ్చింది. తెలుగులో పాఠాల వీడియోలు తీయడానికే పెట్టిన సంస్థ అది. ఆ తర్వాత 'మన టీవీ' వచ్చింది. 2004లో విద్య కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహం ఎగిరింది. 2000ల చివర్లో హైస్కూళ్లకు కంప్యూటర్లు ఇచ్చి, నడిపే బాధ్యతను ఐదేళ్ల కాంట్రాక్టుకు ఏజెన్సీల చేతిలో పెట్టారు.

ఆ కాంట్రాక్టు కథ గుర్తుందా? ఐదేళ్లు పూర్తయ్యాయి. ఏజెన్సీ లెక్క చూసుకుని వెళ్లిపోయింది. చాలీచాలని జీతానికి పనిచేసిన కంప్యూటర్ టీచర్లు రోడ్డున పడ్డారు. కంప్యూటర్లు బడిలో మిగిలాయి. వాటిని ముట్టుకుంటే పాడవుతాయేమోనని భయపడే రెగ్యులర్ టీచర్లు మిగిలారు. దుమ్ము మిగిలింది. ఎందుకట్లయింది? కంప్యూటర్ రాకముందు దాన్ని నడిపే పంతులును తయారు చేయలేదు కాబట్టి. శిక్షణ కాలేజీలోనే ఆ చేతికి అలవాటు చేసి ఉంటే ఏజెన్సీ పోయినా ల్యాబ్ నడిచేది.

ప్రతిసారీ ఇదే తంతు. పెట్టె వస్తుంది, మనిషి రాడు. ఎందుకంటే పెట్టెకు టెండర్ ఉంటుంది. టెండర్‌కు కాంట్రాక్టర్ ఉంటాడు. కాంట్రాక్టర్‌కు కమీషన్ ఉంటుంది. మనిషిని తయారు చేయడానికి ఏ టెండరూ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఈ జబ్బు ఉండేదని తిట్టుకున్నాం, కొట్లాడాం, రాష్ట్రం తెచ్చుకున్నాం. 2014 జూన్ 2 తర్వాత కూడా జబ్బు అదే ఉంటే ఇక ఎవరిని తిట్టాలి?

జిల్లాల ముచ్చట చూడండి. 2016 దసరా నాడు 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో 33 అయ్యాయి. జిల్లాకో కలెక్టరేట్ కట్టుకున్నారు, అద్దాల మేడలు. డైట్‌లు మాత్రం పాత 10 జిల్లాల పేర్ల మీదే మిగిలాయి. పేరులోనే జిల్లా విద్యా శిక్షణ సంస్థ! కొత్త జిల్లాకు పాలన కావాలి కానీ పంతులు తయారీ అక్కరలేదన్నమాట.

వాళ్ల వాదనలు, మన జవాబులు

అడిగితే నాలుగు మాటలు చెప్తారు. ఒక్కొక్కటే చూద్దాం.

ఒకటి: 'అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి కదా!' ఉన్నాయి. ఫోన్‌లో వీడియో చూడొచ్చు. కానీ ఐదో తరగతి పిల్లలకు వర్క్‌షీట్ తయారు చేయాలంటే, మార్కుల పట్టిక వేసి ఏ పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో చూడాలంటే, సొంతంగా ఒక పాఠం వీడియో కట్ చేయాలంటే ఫోన్ తెర సరిపోతుందా? పంతులు పాఠాన్ని చూసేవాడు కాదు, తయారు చేసేవాడు. తయారు చేయడానికి కీబోర్డ్ కావాలి. అయినా ఆ ఫోన్ ఎవరిది? రీచార్జ్ ఎవరిది? దీక్షా యాప్, హాజరు యాప్, శిక్షణ యాప్ అన్నీ పంతులు సొంత ఫోన్‌లోనే, సొంత పైసలతోనే నడుస్తున్నాయి. ఆ అలవాటునే ఛాత్రోపాధ్యాయులకూ అంటగడుతున్నారు. కలెక్టరేట్‌లో గుమస్తాను ఇంటి నుంచి కంప్యూటర్ తెచ్చుకోమంటారా?

రెండు: 'ముందు మరుగుదొడ్లు, మంచినీళ్లు, తర్వాతే కంప్యూటర్లు.' పేదల పిల్లల చదువు ముచ్చట వచ్చినప్పుడే ఈ వరుస గుర్తుకొస్తుంది. కార్పొరేట్ స్కూలులో ఇవన్నీ ఒకేసారి ఉంటాయి. మన పిల్లలకు మాత్రం ఒక తరానికి ఒకటి. ఈ తరానికి మరుగుదొడ్డి, వచ్చే తరానికి మంచినీళ్లు, ఆ తర్వాతి తరానికి కంప్యూటర్. ఈ మెట్ల లెక్కను మేం ఒప్పుకోం.

మూడు: 'ఎక్కువ కాలేజీలు ప్రైవేటువే, వాళ్లు చూసుకోవాలి.' టీచర్ శిక్షణ సంస్థల్లో సుమారు 90 శాతం ప్రైవేటు చేతుల్లోనే ఉన్నాయని 2012లో జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ చెప్పింది. వాటిలో చాలా వాటి నాణ్యత మీద నిప్పులు చెరిగింది. తనిఖీ రోజు అద్దెకు వచ్చి సాయంత్రం వెళ్లిపోయే కంప్యూటర్ల కథలు, హాజరు అక్కరలేని అడ్మిషన్ల కథలు ఈ రాష్ట్రంలో టీ కొట్టు దగ్గర కూడా వినిపిస్తాయి. వాటి ఫీజులో పెద్ద భాగం రీయింబర్స్‌మెంట్ పేరిట వెళ్లేది ప్రజల పైసల నుంచే. పైసలిచ్చే సర్కారుకు ల్యాబ్ నడుస్తుందో లేదో చూసే హక్కు లేదా? చూడటం లేదంటే చేతగాక కాదు, చూడదలచుకోలేదు.

నాలుగు: 'నిధులు లేవు.' దీనికి జవాబు లెక్కతోనే చెప్పాలి.

వెయ్యి రూపాయల్లో 17 పైసలు

పెన్ను పట్టండి. ఒక్కో డైట్‌కు 50 ల్యాప్‌టాప్‌లు, ఒక్కోటి 45 వేలు అనుకుంటే 22 లక్షల 50 వేలు. రెండు డిజిటల్ బోర్డులు, నాలుగు ప్రొజెక్టర్లు, కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టర్లు, అన్నీ కలిపి ఇంకో 12 లక్షల 50 వేలు వేద్దాం. మొత్తం 35 లక్షలు. పది డైట్‌లకు 3 కోట్ల 50 లక్షలు. ల్యాబ్ చూసుకునే టెక్నీషియన్ జీతానికి, ఇంటర్నెట్‌కు, రిపేర్లకు ఒక్కో డైట్‌కు ఏడాదికి 5 లక్షలు. అదో 50 లక్షలు. అంతా కలిపి మొదటి ఏడాది 4 కోట్లు.

2025-26 రాష్ట్ర బడ్జెట్ 3,04,965 కోట్లు. అందులో విద్యకు చూపింది 23,108 కోట్లు. ఎన్నికల ముందు 15 శాతం ఇస్తామన్న పార్టీ సర్కారు ఇచ్చింది ఎనిమిది శాతం కూడా కాదు, అది వేరే కొట్లాట. ఆ 23,108 కోట్లలోనే ఈ 4 కోట్లు ఎంత? వెయ్యి రూపాయల్లో 17 పైసలు. ఈ 17 పైసలు లేవని చెప్పే మొఖం ఎవరికైనా ఉంటే అసెంబ్లీలో నిలబడి చెప్పండి.

చేయాలనుకుంటే ఎట్లా చేస్తారో కేరళను చూడండి. 2001లోనే ఐటీ ఎట్ స్కూల్ అని మొదలుపెట్టారు. కంపెనీల సాఫ్ట్‌వేర్‌కు లైసెన్స్ ఫీజులు కట్టకుండా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పట్టుకున్నారు. ముందు పంతుళ్లకు నేర్పారు. పంతుళ్ల నుంచే మాస్టర్ ట్రైనర్లను తయారు చేసుకున్నారు. 2017లో దాన్నే ప్రభుత్వ సంస్థగా మార్చి 45 వేల తరగతి గదులకు ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ చేర్చారు. అక్కడ పెట్టె కన్నా ముందు మనిషి వచ్చాడు. అందుకే పెట్టె నడుస్తున్నది. మన దగ్గర హైటెక్ సిటీ ఉంది, టీ-హబ్ ఉంది, ప్రపంచ కంపెనీల ఆఫీసులు ఉన్నాయి. వాటికి బస్సు దూరంలో నేరేడ్‌మెట్ డైట్ ఉంది. ఆ వెలుగు ఈ గేటు దాకా రాదా?

భాష ముచ్చట ఎవరు మాట్లాడాలి?

ఇంకో సంగతి ఉంది. యంత్రం ఇస్తే సరిపోదు, అందులో మన భాష ఉండాలి. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్. ఈ రెండింటి నడుమ వంతెన కట్టాల్సింది పంతులే. ఛాత్రోపాధ్యాయునికి యూనికోడ్‌లో తెలుగు టైప్ చేయడం రాకపోతే ఆ వంతెనకు రాళ్లు ఎవరు మోస్తారు? ఉర్దూ మీడియం ఛాత్రోపాధ్యాయుల గోస ఇంకా ఎక్కువ. వాళ్లకు పుస్తకాలే కరువు, ఇక డిజిటల్ పాఠాలెక్కడివి?

ఆదిలాబాద్ అడవిలోకి వెళ్దాం. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా ఆ అక్షరాలు రాయడానికి దారి పడింది. నార్నూర్ మండలంలోని చిన్న పల్లె అక్షరాన్ని ప్రపంచం గుర్తించింది. ఉట్నూరు ఏజెన్సీ గూడేనికి రేపు పంతులుగా వెళ్లబోయే పిల్లకు ఆ అక్షరాలతో ఒక్క బొమ్మల కార్డు తయారు చేయడం ఏ డైట్‌లో నేర్పుతున్నారు? మా భాష, మా యాస, మా సంస్కృతి అని ఉద్యమంలో గొంతు చించుకున్నాం. ఆ భాష రేపటి పిల్లవాడి తెర మీద ఉండాలంటే ఈనాటి ఛాత్రోపాధ్యాయుని వేళ్లకు అలవాటు కావాలి. లేకుంటే ఎక్కడో బెంగళూరులోనో, కాలిఫోర్నియాలోనో తయారైన పాఠమే మన గూడెంలో పంతులవుతుంది. మన పంతులు బటన్ ఒత్తే మనిషిగా మిగులుతాడు.

చిన్న పిల్లల పంతులు అంటే చులకనా?

2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ప్రాథమిక బడి పంతులు కొలువుకు బీఈడీ పనికిరాదని తేల్చింది. అంటే ఒకటి నుంచి ఐదు వరకు చెప్పేది డైట్‌లో, డీఎడ్ కాలేజీల్లో చదివినవాళ్లే. ఈ రాష్ట్రంలో ప్రతి పేద పిల్లవాడి మొదటి అక్షరం వీళ్ల చేతిలోనే ఉంది. 2022లో తొలిమెట్టు పెట్టింది కూడా ఆ చదువు కుంటుపడిందనే. 2024 అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో 10 వేల మందికి పైగా కొత్త టీచర్లకు నియామక పత్రాలు ఇచ్చారు. పండుగలాగా చేశారు. నియామకాల కోసమే కదా కొట్లాడింది, సంతోషమే. కానీ కొలువిచ్చిన చేత్తో పనిముట్టు ఇవ్వకపోతే, రేపు పిల్లలకు చదువు రాలేదని సర్వే వచ్చిన నాడు నింద ఎవరి మీద పడుతుంది? ఆ కొత్త పంతులు మీదే. సర్కారు తప్పించుకుంటుంది. 'టీచర్లు పనిచేయడం లేదు' అనే పాత పాట మళ్లీ మొదలవుతుంది.

మెడికల్ కాలేజీ విద్యార్థి ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేస్తే స్టైపెండ్ ఇస్తారు. చార్టుల పైసలు, బస్సు కిరాయి, రీచార్జ్ అన్నీ సొంతంగా పెట్టుకుని, ఖాళీ పోస్టుల్లో రెగ్యులర్ టీచర్‌లా పాఠాలు చెప్పే ఛాత్రోపాధ్యాయునికి ఏమిస్తున్నారు? రికార్డు మీద సంతకం! ప్రాణం నిలబెట్టే చదువుకు ఒక విలువ, బతుకు నిలబెట్టే చదువుకు మరో విలువనా?

మన డిమాండ్లు

ఆశ్రయం కాదు, హక్కు అడుగుతున్నాం. ప్రతి డైట్‌లో, ప్రతి ప్రభుత్వ బీఈడీ కాలేజీలో ఇంటికి తీసుకెళ్లి వాడుకునేలా ల్యాప్‌టాప్‌ల బ్యాంకు పెట్టాలి. లైబ్రరీలో పుస్తకం ఎట్లా ఇస్తారో అట్లా ఇవ్వాలి. ఇంటర్న్‌షిప్ కాలంలో స్టైపెండ్, ఇంటర్నెట్ ఖర్చు ఇవ్వాలి. బడికి ఏ బోర్డు ఇస్తే ముందు అదే బోర్డు డైట్‌కు ఇవ్వాలి. విద్యా సాంకేతిక విభాగంలో డిప్యుటేషన్ కాకుండా రెగ్యులర్ లెక్చరర్‌ను, ఒక టెక్నీషియన్‌ను వేయాలి. తెలుగు, ఉర్దూ, గోండి, కోయ, లంబాడీ పిల్లల కోసం పాఠాలు తయారు చేసే పని ఛాత్రోపాధ్యాయుల ప్రాజెక్టుగా మారాలి. సాంకేతిక పేపరుకు రాత పరీక్ష తీసేసి చేతి పరీక్ష పెట్టాలి. ల్యాబ్ నడవని ప్రైవేటు కాలేజీకి రీయింబర్స్‌మెంట్ ఆపాలి, ఆ పిల్లలను నడిచే కాలేజీకి మార్చాలి. కొత్త జిల్లాలకు డైట్‌లు కావాలి. 2024లో వేసిన విద్యా కమిషన్ ఈ సంగతి మీద సర్కారును గట్టిగా నిలదీయాలి.

ఉపాధ్యాయ సంఘాల పెద్దలకూ ఒక మాట. పీఆర్సీ, బదిలీలు, ప్రమోషన్లు మీ హక్కులే, కొట్లాడండి. కానీ రేపు మీ కుర్చీలో కూర్చోబోయే పిల్లల గురించి మీ డైరీలో ఒక్క పేజీ అయినా ఉందా? మీ మహాసభల తీర్మానాల్లో ఛాత్రోపాధ్యాయులకు ఒక తీర్మానం ఉండాలి. విద్యార్థి సంఘాలు యూనివర్సిటీ గేటు దాటి డైట్ గేటు ముందుకు రావాలి.

డైట్ తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! 2011 సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె మొదలైతే బడి పంతుళ్లు తాళాలు వేసి రోడ్డెక్కారు. 42 రోజుల ఆ సమ్మెలో జీతం పోతుందని ఆగలేదు. ఆ పంతుళ్ల వారసులు మీరు. మీ కాలేజీలో ఎన్ని కంప్యూటర్లు ఉన్నాయి, ఎన్ని నడుస్తున్నాయి, ఎప్పుడు కొన్నారు, ఐదేళ్లలో ఎంత నిధి వచ్చింది, ఎంత ఖర్చయింది? ఈ ఐదు ప్రశ్నలతో సమాచార హక్కు చట్టం కింద ఒక్కో కాలేజీ నుంచి ఒక్కో దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలే. వచ్చిన జవాబులను కాలేజీ గోడ మీద అంటించండి. ఆ గోడ ముందు ధర్నాకు కూర్చోండి. తాళం వేసిన ల్యాబ్‌ను తెరిపించేదాకా లేవకండి!